ఉపవాసం వద్దు, నడువు

చి. చిన్నీకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

జనం ముందు నీ ఒంటితోనే చేయబోయే పెర్ఫార్మెన్స్ పీస్ కోసం నువ్వు పంపిన ప్లాన్ చదివాను. డిసెంబరు 15 రాత్రి ముగిసేలా మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ముందు తెల్లచీర కట్టుకుని కూర్చుంటావు. ఆయన దీక్ష 58 రోజులు కాబట్టి నువ్వు 58 గంటలు వట్టి మంచినీళ్లతో ఉంటావు. వీపు మీద ఆంధ్ర రాష్ట్రం మ్యాప్ గీయించుకుంటావు. ఆఖర్న ఒక చిన్నపిల్ల చేతి నిమ్మరసం తాగుతావు. ఫోటోలు చాలా బాగా వస్తాయి. నాకు భయం వేసింది అక్కడే.

ఉపవాసం వద్దు. మ్యాప్ అసలే వద్దు. ఎందుకో చెప్తాను, బదులుగా ఏం చేయొచ్చో కూడా చెప్తాను. కోపం వస్తే ఉత్తరం పూర్తిగా చదివాక కోప్పడు.

ఆకలి బయటికి కనబడదు. పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో నీ ఒంటికి ఏం జరుగుతోందో చూసేవాళ్ల కంటికి అందాలి. నువ్వు నాలుగో గంటలో ఉన్నావో నలభయ్యో గంటలో ఉన్నావో రాయపేట హైరోడ్డు మీద బస్సులోంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది? పక్కన పెద్ద గడియారం పెడతానని రాశావు. అప్పుడు చెప్పే పనంతా గడియారమే చేస్తుంది, నీ ఒళ్లు ఊరికే కూర్చుంటుంది. పైగా నిరాహార దీక్ష మనవాళ్లకు బాగా అలవాటైపోయిన బొమ్మ. షామియానా, తెల్ల దుప్పటి, దిండు, వెనక ఫ్లెక్సీ, పొద్దున ఒకరు సాయంత్రం ఒకరు కూర్చునే రిలే దీక్షలు. నువ్వెంత శ్రద్ధగా కూర్చున్నా దారినపోయేవాళ్లు ముందు అడిగేది "ఏ పార్టీ?" అనే.

ఇంకో తేడా ఉంది. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో శ్రీరాములు గారు దీక్ష మొదలుపెట్టినప్పుడు అది ఎలా ముగుస్తుందో ఎవరికీ తెలియదు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1 నాటికి దేశపటమే చాలావరకు భాషల లెక్కన మారిపోయింది. నీ ఉపవాసం ఎప్పుడు ముగుస్తుందో పోస్టరు మీదే ఉంది, నిమ్మకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఆయన చిన్నబోరు, నువ్వు చిన్నబోతావు. నీకు అసలే రక్తం తక్కువ అన్న సంగతి మీ అమ్మ రాస్తుంది, నేను రాయను.

ఉపవాసమే చేయాలనిపిస్తే మీ అమ్మమ్మ చేసిన ఉపవాసాలు చెయ్యి. శనివారం ఒక్కపొద్దులు, కార్తీక సోమవారాలు, నాగులచవితి, మగవాళ్లు తిన్నాక గిన్నెలో ఏమీ మిగలని రోజులు. శ్రీరాములు గారి దీక్ష సాగిన రోజుల్లోనే కార్తీకమాసమూ వచ్చింది. ఆ నెలలో ఈ మద్రాసులో ఎన్ని తెలుగిళ్లలో ఆడవాళ్లు పస్తున్నారో ఏ పత్రికా రాయలేదు. అది చేస్తానంటే వేరే పీస్, నేను నీ వెనకే ఉంటాను. కానీ దాని చోటు వంటిల్లు. స్మారకం ముందుకు తీసుకురాకు.

మ్యాప్ సంగతి. ఆడదాని ఒంటిమీద దేశపటం పరవడం క్యాలెండర్ల వాళ్లు వందేళ్లుగా చేస్తున్న పని. బెంగళూరులో ఆర్టిస్టు పుష్పమాల ఎన్. ఆ భరతమాత వేషాన్ని తనే వేసుకుని, స్టూడియో తెర ముందు నిలబడి, ఆ బొమ్మ ఎలా తయారైందో మనకే అనుమానం వచ్చేలా ఫోటోలు తీయించుకున్నారు. ఆవిడ ఆ బొమ్మను ప్రశ్నిస్తున్నారు. నీ ప్లాన్‌లో ప్రశ్న ఎక్కడుందో నాకు కనబడలేదు. అయినా ఏ మ్యాపు గీయిస్తావు తల్లీ? 1953దా, 1956దా, 2014దా?

సరే, ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వెళ్దాం. ఆయన చావు మనందరికీ తెలుసు, బతుకు తెలియదు. పుట్టింది 1901లో, ఇదే ఊళ్లో, జార్జ్‌టౌన్ అణ్ణాపిళ్లై వీధిలో. చదివింది బొంబాయిలో, శానిటరీ ఇంజనీరింగ్. అంటే మురుగు, కాలవలు, శుభ్రం. రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్య, పసిబిడ్డ పోయాక ఉద్యోగం వదిలేసి సబర్మతి వెళ్లారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని దీక్షకు కూర్చున్నారు. నేను నీకు చెప్పదల్చుకున్నది ఆ తర్వాతి రోజుల సంగతి. నెల్లూరులో, అంటరానితనం పోవాలని నినాదాలు రాసిన అట్టలు తగిలించుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా ఎండలో వీధులు తిరిగేవారు. తెలియనివాళ్లు పిచ్చివాడనుకున్నారు.

ఆ పేరా ఇంకోసారి చదువు. అట్ట, ఎండ, ఉత్త పాదాలు, వీధి, చూసేవాళ్ల వెక్కిరింపు. ఎవరూ పిలవలేదు, ఎక్కడా స్టేజీ లేదు. ఇవాళ ఆర్టు స్కూళ్లలో పాఠం చెప్పే పనిని ఆయన దానికి ఆర్టని పేరు పెట్టకుండానే చేశారు. దానికి విగ్రహం లేదు. ఉపవాసం మనకు రాష్ట్రం ఇచ్చింది కాబట్టి గుర్తుపెట్టుకున్నాం, ఆ అట్ట మననే వేలెత్తి చూపింది కాబట్టి మర్చిపోయాం. జాతి జ్ఞాపకం మీద పని చేస్తానన్నావు కదా, ఈ మరుపు మీద చెయ్యి.

అందుకని నా సలహా: నడువు. అణ్ణాపిళ్లై వీధిలో బయల్దేరి, సెంట్రల్, రిప్పన్ బిల్డింగ్, మౌంట్ రోడ్డు, రాయపేట గడియారం మీదుగా స్మారక భవనం దాకా. పుట్టిన చోటు నుంచి పోయిన చోటికి ఒక నడక, మెడలో ఒక అట్ట. మామూలుగా నడిస్తే రెండు గంటలు కూడా పట్టదు. నువ్వు ఆరు గంటలు తీసుకో. ప్యారీస్ మీదుగా తిప్పాలని నీకు అనిపిస్తుంది, 1928లో సైమన్ కమిషన్ హర్తాళ్ రోజు ప్రకాశం గారు తుపాకుల ముందు చొక్కా విప్పి రొమ్ము చూపింది ఆ దగ్గర్లోనే కదా అని. ఆగు. ఒక నడకకు ఒక మనిషి చాలు.

ఒకే పని, ఒకే వస్తువు, అది కూడా ఆ చరిత్రకు నిజంగా సంబంధం ఉన్న వస్తువు. నేను చూసినవాటిలో, చదివినవాటిలో నిలబడ్డవన్నీ అలాంటివే. 2003లో గ్వాటెమాలాలో రెజీనా హోసే గలిండో మనిషి రక్తం పోసిన బేసిన్‌లో పాదాలు ముంచుకుంటూ రాజ్యాంగ కోర్టు నుంచి నేషనల్ ప్యాలెస్ దాకా నడిచింది. ఒకప్పటి నియంత మళ్లీ ఎన్నికల్లో నిలబడటానికి అనుమతి దొరికిన సందర్భం. ఉపన్యాసం లేదు, దారి పొడుగునా ఎర్రటి అడుగులు. మరీనా అబ్రమోవిచ్ 1997 వెనిస్‌లో గుట్టగా పోసిన ఆవు ఎముకల మీద కూర్చుని రోజూ గంటల తరబడి వాటి నెత్తురు కడిగింది, చిన్ననాటి పాటలు పాడుతూ. తన దేశం యుగోస్లావియా ముక్కలై కొట్టుకు చచ్చిన యుద్ధం గురించి అది. ఎంత కడిగినా పోదని చూసేవాడి ముక్కుకే తెలిసిపోతుంది. (ఆవిడ తర్వాత చేసిన కూర్చునే పీస్, దాని ముందు క్యూలు నాకంత రుచించలేదు. అది నా గొడవ.) మన దగ్గర రుమ్మానా హుస్సేన్ ఉన్నారు. బాబ్రీ మసీదు కూలిన తర్వాత, 1995లో బొంబాయిలో, కాళ్లకు గజ్జెలతో, సగానికి కోసిన బొప్పాయి చెక్కలు చేత పట్టుకుని, నోరు తెరిచి అరుపు లేకుండా నడిచారు. వీళ్లెవరూ అమరుల వేషం వేయలేదు. చేతికి ఒక పని పెట్టుకుని దాన్ని చేశారు, అంతే.

ఇక నీ ఒంటి గురించి. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చినదానివి. అది నీకు బలమూ, చిక్కూ. నువ్వు మామూలుగా నిలబడినా గడ్డం కొంచెం పైకి లేస్తుంది, పాదం పక్కకు తిరుగుతుంది, నడుము నిలబెడతావు. వీధిలో అట్టతో నడిస్తే జనం "డాన్సర్ వస్తోంది" అంటారు. నేర్చినది మర్చిపోమనడం లేదు. ఈ ఊళ్లోనే నర్తకి చంద్రలేఖ 1985లో 'అంగిక' చేసినప్పుడు భరతనాట్యం ఒంటిని కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగాల పక్కన పెట్టి, దేవుళ్లనూ నాయికలనూ తీసేసి, ఒట్టి ఒంటినే చూపించారు. తీసేయడం నేర్చుకోవాలి. రోజూ తెల్లవారుజామున బెసెంట్‌నగర్ బీచ్ రోడ్డు మీద ఒక గంట నడువు, మొహంలో ఏ భావమూ లేకుండా. మొదటి వారం మొహం నీ మాట వినదు. నవ్వు వస్తుంది, లేకపోతే శోకం వస్తుంది. రెండూ అభినయమే. బియ్యం తెచ్చుకుంటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో అలా అయ్యేదాకా నడువు.

నెమ్మదిగా నడవటం చాలా కష్టం. అడుగు ఎత్తినప్పుడు బరువంతా ఒక కాలి మీదే ఉంటుంది, ఒళ్లు తూలుతుంది. మడమ, పాదం పక్క, వేళ్లు, ఆ వరసలో బరువు దించు. ఊపిరి అడుక్కి కట్టేయకు, దాని దారిన దాన్ని పోనీ. ఆగి నిలబడ్డప్పుడు మోకాళ్లు బిగించకు. చాలాసేపు మోకాళ్లు బిగించి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతారు, పరేడ్‌లో జవాన్లు పడేది అందుకే. కాళ్లకు చెప్పులు వేసుకో. ఆయన ఉత్త కాళ్లతో తిరిగారని నువ్వూ తిరగక్కర్లేదు. మౌంట్ రోడ్డు మీద గాజుముక్క గుచ్చుకుంటే పీస్ కాస్తా ధనుర్వాతం సూది దగ్గర ఆగుతుంది.

అట్ట విషయంలో శ్రద్ధ పెట్టు, పీస్ అంతా అదే. ఫ్లెక్సీ చేయించకు. ఫ్లెక్సీ చూస్తే రాజకీయం గుర్తొస్తుంది, గాలికి చప్పుడు చేస్తుంది. మందపాటి కార్టన్ అట్ట తీసుకో, జార్జ్‌టౌన్‌లో కాగితాల కొట్ల దగ్గర అడిగితే ఇస్తారు. తాడు మెడను కోస్తుంది, కింద పాతచీర పేలిక చుట్టు. రొమ్ము మీద అట్ట ఉంటే భుజాలు ముందుకు వంగుతాయి, ఇంట్లో పని చేసుకునేటప్పుడు కూడా కొన్నాళ్లు అది వేసుకుని తిరుగు. డిసెంబరు కాబట్టి వాన పడొచ్చు. అట్ట తడిసి మెత్తబడి అక్షరాలు కారిపోతే కారనీ, ప్లాస్టిక్ కవరు వేయకు. జనానికి స్కెచ్ పెన్ను ఇచ్చి "మీ జ్ఞాపకం రాయండి" అనే అలవాటు ఒకటి మీ తరానికి పట్టుకుంది. దయచేసి అది మానేయండి. దారినపోయేవాళ్లు నీకు హోమ్‌వర్క్ బాకీ లేరు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో నాకు ముఖ్యమైన సంగతికి వస్తాను. ఈ ఊళ్లో తెలుగువాళ్లంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఎవరు? త్యాగరాయ చెట్టి గారు, పానగల్ రాజా, నాగేశ్వరరావు పంతులు గారు. టి.నగర్, పార్కులు, అమృతాంజనం. మద్రాసు వీధులు ఊడ్చే, మురుగు తీసే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. తరాల కిందట ఆంధ్ర నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. ఆది ఆంధ్రులనీ, అరుంధతీయులనీ రికార్డుల్లో ఉంటారు. "మద్రాసు మనదే" అన్న కేక పుట్టిన కాలంలో కూడా వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆ "మన"లో వాళ్లను కలిపారో లేదో నువ్వే ఆలోచించు. 2025 ఆగస్టులో తమ పనిని ప్రైవేటుకు అప్పగించొద్దని రిప్పన్ బిల్డింగ్ బయట ఫుట్‌పాత్ మీద పారిశుధ్య కార్మికులు రోజుల తరబడి కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులు ఎత్తేసి తీసుకుపోయారు. నీ దారి సరిగ్గా ఆ ఫుట్‌పాత్ పక్కనుంచే పోతుంది.

జార్జ్‌టౌన్‌లో మన పాత ఇంటి సందు ఊడ్చే ఆవిడ మా అమ్మతో తెలుగులోనే మాట్లాడేది. యాస నెల్లూరుది. మన ఇంట్లో పెళ్లిళ్ల జాబితాలున్నాయి, వంటల పుస్తకం ఉంది, ఏ సంవత్సరం ఎవరికి ఎంత అప్పిచ్చామో ఖాతా పుస్తకాలున్నాయి. ఆవిడ పేరు మాత్రం మనలో ఎవరినడిగినా చెప్పలేరు. శానిటరీ ఇంజనీరింగ్ చదివి అంటరానితనం మీద అట్ట మోసిన మనిషి పేరుతో నువ్వు నడుస్తున్నావు. ఈ సంగతి తప్పించుకుని నడవలేవు.

అలాగని చీపురు పట్టుకుని నడుస్తానని మాత్రం అనకు. నీ మనసు అటు పోతుందని నాకు తెలుసు. వాళ్ల పనిని, వాళ్ల ఒంటిని వేషంగా వేసుకోవడం పెద్ద దొంగతనం. చీపురు వాళ్లకు రోజుకూలి, నీకు స్టేజీ సామాను. మొహానికి మసి, ఒంటికి బురద, ఆ జోలికి పోకు. ముందు వెళ్లి కలువు, కెమెరా లేకుండా. వాళ్ల యూనియన్ వాళ్లతో మాట్లాడు. నువ్వేం చేయబోతున్నావో చెప్పు. వాళ్లు "మాకెందుకమ్మా" అంటే దణ్ణం పెట్టి వచ్చేయ్, నీ నడక నువ్వు నడువు. ఎవరైనా కలిసి నడుస్తామంటే వాళ్ల పేరు నీ పేరు పక్కన, అదే సైజులో వేయి. ఆ రోజు కూలి, ఆటో ఖర్చు, భోజనం నీ బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాయి. గ్రాంట్ కోసం బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కు రాస్తానన్నావు, రాయి. వచ్చినా రాకపోయినా ఆ పద్దు ఉండాలి.

ఇంకో వైపు తమిళం వాళ్లున్నారు. చూసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే, అది మర్చిపోయి చాలామంది మనవాళ్లు తమకు తామే కథ చెప్పుకుంటారు. మనవాళ్లు "మద్రాసు మనదే" అన్నప్పుడు తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం గారు తల ఇచ్చైనా తలనగరాన్ని, అంటే రాజధానిని, కాపాడుకుంటామన్నారు. వాళ్లకు ఇది గెలిచిన కథ, మనకు సగం ఓడిన కథ. అయితే 1956లో విరుదునగర్‌లో శంకరలింగనార్ అనే పెద్దాయన మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టమని, ఇంకా కొన్ని కోరికలతో, రెండున్నర నెలలు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలారు. ఆ పేరు 1969లో వచ్చింది. టీకొట్టు దగ్గర ఎవరైనా "ఎవరమ్మా ఈ శ్రీరాములు?" అని అడిగితే శంకరలింగనార్ పేరుతో మొదలుపెట్టు. గొడవ పడదామని వచ్చినవాడు కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

మిగిలినవి గబగబా రాస్తాను. పోలీసు అనుమతి తీసుకో. 1888 నాటి నగర పోలీసు చట్టం 41వ సెక్షన్ ఇప్పటికీ ఉంది, అర్జీ వేపేరి కమిషనర్ ఆఫీసులో ఇవ్వాలి, బాగా ముందుగా. ఒక్క మనిషి నడిస్తే ఊరేగింపు ఎలా అవుతుందని వాళ్లతో లాజిక్ మాట్లాడకు. మెడలో అట్ట, వెనక కెమెరా ఉంటే వాళ్ల లెక్కలో ఊరేగింపే. స్మారక భవనం వాళ్లకు కూడా చెప్పు. అది మార్గళి కచేరీల సీజన్ మొదలయ్యే వేళ, మైలాపూరు సభల జనంతో, మెట్రో పనులతో కిక్కిరిసి ఉంటుంది. ఫుట్‌పాత్ ఎక్కడెక్కడ లేదో ముందే నడిచి రాసుకో.

నీతో పాటు పది అడుగుల వెనక ఒక మనిషి నడవాలి. ఆర్టిస్టు వద్దు, నీ పీస్ అంటే ఏమాత్రం భక్తి లేని మనిషి కావాలి. ఆపమంటే నువ్వు ఆగాలి, అది ముందే ఒప్పందం. మీ బావని అడుగు, అతను సరిపోతాడు. నీళ్లు, అరటిపండు అతని సంచిలో ఉండాలి, గంటకోసారి తాగాలి, అందరి ఎదుటే తాగు. ఎవరైనా నిన్ను ముట్టుకునే వీలు ఇవ్వకు. జనాన్ని ఒంటి మీదకు పిలిచే పీస్‌లు నువ్వు చదివే ఉంటావు. 1964లో క్యోటోలో యోకో ఓనో తన బట్టలు కత్తిరించమని కత్తెర ఇచ్చింది. 1974లో నేపుల్స్‌లో అబ్రమోవిచ్ 72 వస్తువులు టేబుల్ మీద పెట్టి ఆరు గంటలు కదలకుండా నిలబడింది, అందులో తుపాకీ కూడా ఉంది, అది ఆవిడ వైపు గురి పెట్టేదాకా వెళ్లారు. చదువు, గౌరవించు, మౌంట్ రోడ్డు మీద చేయకు.

కెమెరా ఒక్కటే, ఎదుటి ఫుట్‌పాత్ మీద, నీ కంటే నెమ్మదిగా. డ్రోన్ వద్దు. రీల్స్ జనం ఎలాగూ తీస్తారు, నువ్వు ఆ వైపు చూడకు. స్మారకం చేరాక లోపలికి వెళ్లి బొమ్మ ముందు దణ్ణం పెట్టి ఫోటో దిగొద్దు. గేటు దగ్గర అట్ట మెడలోంచి తీసి గోడకు ఆనించి, బస్సెక్కి ఇంటికి వచ్చెయ్.

ఇక అట్ట మీద ఏం రాయాలో నేను చెప్పను. ఆయన రాసినవి నకలు చేయకు, అవి ఆయన కాలానివి. నీ వాక్యం కావాలి. తెలుగులో ఒక వైపు, తమిళంలో ఒక వైపు, రోడ్డు దాటే మనిషి ఒక్క చూపులో చదవగలిగినంత. రిప్పన్ బిల్డింగ్ ముందు కూర్చున్నవాళ్లు చదివితే నీకు సిగ్గు వేయకూడదు, అదొక్కటే నా షరతు. వాక్యం కుదిరాక ముందు నాకు పంపు. తమిళం నా పక్కింటి టీచరమ్మకు చూపించి ఒత్తులు సరిచేయించి పంపుతాను. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, అప్పుడొద్దు.

మీ
పెద్దమ్మ